కొలిమి వెలుగు నుంచి కరెంటు: థర్మోఫోటోవోల్టాయిక్ సెల్‌లు మన ఫౌండ్రీలకూ బట్టీలకూ పనికివస్తాయా?

ఆటోనగర్ పోత (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాకు ఒక చిన్న ఇనుప పోత ఫౌండ్రీ ఉంది. అర టన్ను ఇండక్షన్ ఫర్నేస్‌లో ఇనుము కరిగించి పంపు బాడీలు, పుల్లీలు, ట్రాక్టరు విడిభాగాలు పోస్తాము. టన్ను ఇనుము కరగడానికి మాకు 600 యూనిట్ల పైచిలుకు కరెంటు పడుతోంది. నెలాఖరు వచ్చేసరికి జీతాల కంటే కరెంటు బిల్లే ఎక్కువ భయపెడుతోంది.

వేడి వస్తువు నుంచి వెలువడే కాంతిని నేరుగా కరెంటుగా మార్చే థర్మోఫోటోవోల్టాయిక్ సెల్‌లు వచ్చాయనీ, వాటి సామర్థ్యం 40 శాతం దాటిందనీ చదివాను. మా ఫర్నేస్ మూతి వ్యాసం సుమారు 45 సెంటీమీటర్లు. ఇనుము 1400 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు ఆ మూతి ఎదుట నిమిషం నిలబడితే ముఖం కమిలిపోతుంది. అంత వేడీ పైకప్పు రేకులను కాల్చడానికి తప్ప ఎందుకూ కొరగావడం లేదు. మూతికి ఎదురుగా ఈ సెల్‌ల పలక ఒకటి బిగిస్తే బిల్లులో కొంత భాగమైనా తిరిగి రాబట్టుకోగలమా? పిడుగురాళ్లలో మా బావగారికి సున్నపు బట్టీ ఉంది. అక్కడి వేడికి కూడా ఇదే ఉపాయం వర్తిస్తుందా? అమ్మకందారుల మాటలు కాకుండా లెక్కలు తెలిసినవారు చెబితే వినాలని ఉంది.

గుంటూరు మాష్టారు (గుంటూరు)

పని జరిగే తీరు ముందు చెప్పుకుంటే లెక్కలు తేలికవుతాయి. వేడెక్కిన ప్రతి వస్తువూ కిరణాలను వెదజల్లుతుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ అందులో రెండు మార్పులు వస్తాయి. మొదటిది, వెలువడే మొత్తం శక్తి కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. రెండవది, శక్తి అత్యధికంగా వెలువడే తరంగదైర్ఘ్యం తగ్గుతూ వస్తుంది. సూర్యుని ఉపరితలానికి అది సుమారు 0.5 మైక్రోమీటర్లు, మీ 1400 డిగ్రీల ఇనుముకు సుమారు 1.7 మైక్రోమీటర్లు, 300 డిగ్రీల ఇనుప గోడకు 5 మైక్రోమీటర్లు. అంటే ఇనుము ఎర్రగా, పసుపుగా కనబడుతున్నా దాని శక్తిలో చాలా భాగం కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలోనే ఉంటుంది.

సెల్ పనిచేసే సూత్రం మన డాబాల మీది సోలార్ పలకలదే. కాంతి రేణువుకు, అంటే ఫోటానుకు, సెల్ పదార్థపు బ్యాండ్ గ్యాప్ కంటే ఎక్కువ శక్తి ఉంటేనే అది ఎలక్ట్రానును విడిపించగలుగుతుంది. సిలికాన్ బ్యాండ్ గ్యాప్ 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు కనుక 1.1 మైక్రోమీటర్ల కంటే పొడవైన తరంగాలు దానికి పనికిరావు. అందువల్ల ఈ రంగంలో గాలియం యాంటిమొనైడ్, ఇండియం గాలియం ఆర్సెనైడ్ వంటి పదార్థాలను వాడతారు. వాటి బ్యాండ్ గ్యాప్ 0.72 నుంచి 0.74 వరకు ఉంటుంది కాబట్టి సుమారు 1.7 మైక్రోమీటర్ల వరకు ఉన్న తరంగాలను అవి వినియోగించుకుంటాయి.

సూర్యుణ్ణి మనం దగ్గరకు తెచ్చుకోలేము, సూర్యుడు పంపిన కిరణాలలో పనికిరానివాటిని తిరిగి సూర్యునికి పంపనూ లేము. ఇక్కడ ఆ రెండూ వీలవుతాయి. సెల్ వెనుక మంచి అద్దం అమర్చితే, సెల్ వాడుకోలేని పొడవు తరంగాలు వెనక్కి వెళ్లి వేడి వస్తువునే మళ్లీ వేడెక్కిస్తాయి. ఈ ఏర్పాటు లేకపోతే థర్మోఫోటోవోల్టాయిక్ అనేది నాసిరకం సోలార్ పలకకు మించినది కాదు.

చరిత్ర తెలిసినవారికి ఒక ముచ్చట. 1956లో అమెరికాలోని ఎంఐటీ లింకన్ ప్రయోగశాలలో హెన్రీ కోల్మ్ అనే శాస్త్రవేత్త ఒక గ్యాసు లాంతరు మాంటిల్ ఎదుట సిలికాన్ సెల్ పెట్టి కరెంటు తీశారు. మన ఊరేగింపులలో నెత్తిన మోసుకువెళ్లిన పెట్రోమాక్స్ దీపంలో వెలిగేదీ అటువంటి మాంటిలే. మన దగ్గర ఆ దీపాలు వేల సంఖ్యలో వెలిగిన కాలంలో ఎవరికీ దాని ముందు సెల్ పెట్టాలని తోచలేదంటే ఆశ్చర్యం లేదు. ఆనాడు సిలికాన్ సెల్ బంగారం కంటే అపురూపమైన వస్తువు.

అర్ధవాహకం (విజయవాడ)

మాష్టారు చెప్పినదానికి ఇటీవలి అంకెలు కొన్ని చేరుస్తాను. నేను ఎలక్ట్రానిక్స్ పదార్థాల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని.

మీరు చదివిన 40 శాతం వార్త 2022 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన గురించి అయివుంటుంది. ఎంఐటీ వారూ, అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల వారూ కలిసి చేసిన ఆ సెల్ 2400 డిగ్రీల ఉద్గారకం (వెలుగు వెదజల్లే వేడి వస్తువు) ఎదుట 41.1 శాతం సామర్థ్యం చూపింది. అది ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు పొరల సెల్. వాటి బ్యాండ్ గ్యాప్‌లు 1.4, 1.2 ఎలక్ట్రాన్ వోల్టులు. చదరపు సెంటీమీటరుకు 2.39 వాట్లు వచ్చాయి. చదరపు మీటరుకు లెక్కిస్తే దాదాపు 24 కిలోవాట్లు. మన డాబా మీద చదరపు మీటరు పలక మధ్యాహ్నపు ఎండలో ఇచ్చేది సుమారు 200 వాట్లు అని గుర్తుంచుకుంటే ఆ సాంద్రత ఎంతటిదో అర్థమవుతుంది.

అయితే ఈ 41.1 శాతాన్ని ఎలా లెక్కించారో చూడండి. సెల్ నుంచి వచ్చిన కరెంటును, ఆ కరెంటూ సెల్‌లో దిగిన వేడీ కలిపిన మొత్తంతో భాగించారు. వేడిని పుట్టించడానికి పట్టిన ఇంధనం, ఉద్గారకం పక్కల నుంచి కారిపోయే వేడి, చల్లార్చే నీటిని తోడే పంపు ఖర్చు ఆ లెక్కలోకి రావు. పైగా పరీక్షించిన సెల్ విస్తీర్ణం చదరపు సెంటీమీటరు కూడా లేదు. అది సెల్ సామర్థ్యమే కానీ యంత్రం మొత్తం సామర్థ్యం కాదు.

మీ ఉష్ణోగ్రతకు దగ్గరగా వచ్చిన పరిశోధన మిషిగన్ విశ్వవిద్యాలయానిది. 2020లో వారు సెల్‌కూ దాని వెనుక ఉన్న బంగారపు అద్దానికీ మధ్య పలుచని గాలి పొర ఉంచి, పనికిరాని ఫోటాన్లలో దాదాపు 98.5 శాతాన్ని వెనక్కి తిప్పి పంపగలిగారు. 2024లో అదే బృందం 1435 డిగ్రీల దగ్గర 44 శాతం సాధించింది. అంతకుముందరి 95 నుంచి 98.5కు పెరగడం చిన్న విషయంలా కనబడుతుంది కానీ, వృథా అయ్యే భాగం 5 నుంచి 1.5కు దిగిందన్న కోణంలో చూడాలి. ఉద్గారకం శక్తిలో మూడు వంతులకు పైగా పనికిరాని తరంగాలే అయినప్పుడు ఆ తేడాయే గెలుపోటములను నిర్ణయిస్తుంది.

ధర సంగతి కూడా చెప్పాలి. ఈ సెల్‌లను గాలియం ఆర్సెనైడ్, ఇండియం ఫాస్ఫైడ్ పలకల మీద పొరలు పొరలుగా పెంచుతారు. ఆ పలకలు సిలికాన్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. పెరిగిన పొరను ఒలిచి తీసి, అడుగు పలకను మళ్లీ మళ్లీ వాడుకునే పద్ధతి నిలదొక్కుకుంటేనే ఖర్చు దిగుతుంది. మన బజారులో కొనుక్కుని బిగించుకునే సరుకు కాదు ఇది.

ఇబ్రహీంపట్నం విశ్రాంత ఉద్యోగి (విజయవాడ)

నేను బాయిలర్ల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి. ఆటోనగర్ మిత్రుని ప్రశ్నకు ముందు నేరుగా లెక్క వేస్తాను.

1400 డిగ్రీలంటే 1673 కెల్విన్. సంపూర్ణ కృష్ణవస్తువు, అంటే ఆ వేడిలో వీలైనంత గరిష్ఠంగా కిరణాలు వెదజల్లే ఊహా వస్తువు, అయితే చదరపు మీటరుకు సుమారు 444 కిలోవాట్లు వెదజల్లుతుంది. మీ మూతి విస్తీర్ణం 0.16 చదరపు మీటర్లు, అంటే 70 కిలోవాట్లు. కరిగిన శుభ్రమైన ఇనుము కృష్ణవస్తువు కాదు. దాని ఉద్గారకతను, అంటే కృష్ణవస్తువుతో పోలిస్తే అది వెదజల్లే వంతును, 0.35గా తీసుకుంటే సుమారు 25 కిలోవాట్లు మిగులుతాయి. పైన తేలే మడ్డి, అంటే స్లాగ్, పేరుకుంటే ఇంకా ఎక్కువ పోతుంది.

ఇందులో గాలియం యాంటిమొనైడ్ సెల్‌కు పనికివచ్చే, 1.7 మైక్రోమీటర్ల లోపు భాగం ఆ ఉష్ణోగ్రత వద్ద సుమారు 24 శాతమే, అంటే 6 కిలోవాట్లు. వెలువడిన ప్రతి కిరణమూ సెల్ మీదే పడి, అందులో సగం కరెంటు అయిందని ఉదారంగా అనుకున్నా 3 కిలోవాట్లు. అదీ ఇనుము పూర్తిగా కరిగి, మూతి తెరచి ఉన్న నిమిషాలలో మాత్రమే. ఛార్జి, అంటే కరిగించే స్క్రాప్, వేయాలన్నా, స్లాగ్ తీయాలన్నా, పోత పోసే లాడిల్‌లోకి వంచాలన్నా ఆ పలకను పక్కకు జరపాలి. పొగ, నిప్పురవ్వలు, దుమ్ము దాని మీద పడకుండా గాజు పెట్టాలి, ఆ గాజును ప్రతి హీట్‌కూ, అంటే ఇనుము కరిగించే ప్రతి విడతకూ, తుడవాలి.

మరొక విషయం మరచిపోకండి. మీ ఫర్నేస్‌లోని వేడి మీరు కరెంటు కొని పుట్టించినదే. కారుతున్న తొట్టి చిల్లు పూడ్చకుండా, కారిన నీటిని దోసిలితో ఎత్తి మళ్లీ తొట్టిలో పోసుకున్నట్లు అవుతుంది ఈ పని. మాష్టారు చెప్పిన అద్దం కూడా పనికిరాని కిరణాలను ఇనుములోకే తిప్పికొడుతుంది కదా! సిరామిక్ ఫైబర్ పరిచిన మూత ఒకటి బిగిస్తే పనికివచ్చేవీ పనికిరానివీ అని చూడకుండా అన్నిటినీ లోపలే ఆపుతుంది, దానికి వేలల్లో ఖర్చు తప్ప లక్షలు అక్కరలేదు. మీ ఫర్నేస్‌కు మూత ఉందా అన్నది నా మొదటి ప్రశ్న.

ఆటోనగర్ పోత (విజయవాడ)

మూత ఫర్నేస్‌తో పాటే వచ్చిందండీ. స్క్రాప్ ముక్కలు వేసేటప్పుడు ప్రతిసారీ క్రేన్‌తో ఎత్తవలసి రావడం వల్ల పనివాళ్లు విసుగుపడి గోడకు చేరవేశారు. ఇప్పుడు దాని మీద మట్టి అచ్చుల పెట్టెలు పేర్చి ఉన్నాయి. 25 కిలోవాట్లు అనగానే గుండె ఝల్లుమంది. బావగారి బట్టీ సంగతి కూడా ఎవరైనా చెప్పండి, ఆయనకూ ఈ చర్చ చూపించాను.

పిడుగురాళ్ల సున్నం (గుంటూరు)

మా బావమరిది పిలిస్తే వచ్చాను. మాది నిలువు బట్టీ. పై నుంచి రాయీ బొగ్గూ వేస్తాము, అడుగు నుంచి సున్నం తీస్తాము. మధ్యలో మండే భాగం వేయి డిగ్రీలు ఉంటుందంటారు. బయట గోడ మీద చేయి పెట్టలేము కానీ ఎర్రబడదు. పైన వచ్చే పొగ వేడిగానే ఉంటుంది. నాకు కరెంటు ఖర్చు పెద్దగా లేదు, బ్లోయరుకే. కానీ బట్టీ రాత్రింబగళ్లు మండుతూనే ఉంటుంది కనుక ఎప్పుడూ ఆగని వేడి ఇది. దానిలో నుంచి కొంత కరెంటు తీయగలిగితే ఊరికే వచ్చినట్లే కదా?

గుంటూరు మాష్టారు (గుంటూరు)

ఆగని వేడి అన్నది మీకు అనుకూలమే, కానీ ఆ వేడి ఎంత ఎత్తున ఉందన్నది ముఖ్యం. కృష్ణవస్తువు వెదజల్లే శక్తిలో 1.7 మైక్రోమీటర్ల లోపు పడే భాగం 1200 డిగ్రీల వద్ద సుమారు 16 శాతం. మీ సున్నపురాయి విడిపోయే 900 డిగ్రీల వద్ద అది 6 లేక 7 శాతానికి దిగుతుంది. బట్టీ గోడ 300 డిగ్రీలు ఉందనుకున్నా పదివేల భాగాలలో మూడు కూడా మిగలవు. ఉష్ణోగ్రత నాలుగో వంతుకు దిగితే ఫలితం వందల వంతులు దిగే వ్యవహారం ఇది. చేయి కాలడం వేరు, కరెంటు పుట్టడం వేరు.

మండే భాగంలోకి కిటికీ తెరచి చూద్దామంటే అక్కడ ఉన్నది సున్నపు దుమ్ము. వారం తిరగకుండా గాజు తెల్లబారుతుంది. పైగా మీ నిలువు బట్టీ తన వేడిని తానే చాలావరకు రాబట్టుకుంటుంది. పైకి వెళ్లే పొగ కొత్త రాయిని వేడెక్కిస్తుంది, కింద చల్లారే సున్నం లోపలికి వచ్చే గాలిని వేడెక్కిస్తుంది. మధ్యలో నుంచి వేడి లాగితే అంత మేరకు బొగ్గు ఎక్కువ వేయవలసి వస్తుంది, ఊరికే వచ్చిందనుకున్న కరెంటుకు బొగ్గు రూపంలో వెల కట్టినవారవుతారు.

ఇబ్రహీంపట్నం విశ్రాంత ఉద్యోగి (విజయవాడ)

మాష్టారి మాటకు వంత పాడుతూ ఒకటి చేరుస్తాను. 300 డిగ్రీల పొగ నుంచి కరెంటు తీయాలంటే అందుకు వేరే దారులు ఉన్నాయి. సిమెంటు కర్మాగారాలలో ప్రీహీటరు నుంచి వచ్చే వాయువులతో, క్లింకర్ కూలరు గాలితో ఆవిరి పుట్టించి చిన్న టర్బైన్ తిప్పుతారు. అంత పెద్ద ఏర్పాటు ఒక్క సున్నపు బట్టీకి గిట్టదు. వేడికీ కరెంటుకూ మధ్య సెల్ అన్నది కిలోమీటరు ఎత్తు నుంచి పడే నీటికి తగిన టర్బైన్; మోకాలి లోతు కాలువలో పెడితే అది తిరగదు.

నిజానికి ఈ సెల్‌కు తగిన చోటు నాకు బాయిలరులోనే కనబడుతుంది. మా థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. ఆ 210 మెగావాట్ల యూనిట్ల కాలం నుంచి ఇప్పటి 800 మెగావాట్ల యూనిట్ వరకు కథ ఒకటే: కొలిమిలో మంట 1300 డిగ్రీలకు పైగా ఉంటుంది, టర్బైన్‌కు వెళ్లే ఆవిరి మాత్రం 540 నుంచి 600 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అంతకు మించితే గొట్టాల ఉక్కు తట్టుకోలేదు. ఆ మధ్య అంతరంలో ఉన్న ఎత్తు అంతా ఏ పనీ చేయకుండా దిగజారిపోతుంది. ఆ అంతరంలో సెల్ పెట్టి, సెల్ వదిలిన వేడిని ఆవిరికి ఇద్దామని కాగితం మీద ఎవరికైనా తోస్తుంది. కానీ సెల్ 50, 60 డిగ్రీలు దాటితే వోల్టేజి పడిపోతుంది. బ్యాండ్ గ్యాప్ తక్కువైన సెల్‌కు ఈ బాధ మరీ ఎక్కువ. అది వదిలే గోరువెచ్చని నీటితో ఆవిరి పుట్టదు. బూడిద సంగతి చెప్పనే అక్కరలేదు.

సాయంత్రపు లోడు (విజయవాడ)

నేను విద్యుత్ పంపిణీ రంగంలో పనిచేస్తున్నాను, ఇక్కడ వ్రాసేది నా సొంత అభిప్రాయమే. వృథా వేడి వెంటపడటం మానేసి ఈ సెల్‌ను మరోవైపు నుంచి చూడమని నా మనవి. మన రాష్ట్రంలో మధ్యాహ్నం సోలార్ కరెంటు ఎక్కువగా ఉంటుంది, పొద్దుగుంకాక ఇళ్లలో ఏసీలూ మోటార్లూ ఆన్ అయ్యేసరికి అది మాయమవుతుంది. మధ్యాహ్నపు మిగులును వేడి రూపంలో దాచి, సాయంత్రం ఆ వేడి వెలుగును సెల్‌ల ద్వారా తిరిగి కరెంటు చేయడమే ఈ రంగంలో ఇప్పుడు గట్టిగా సాగుతున్న ప్రయత్నం.

పద్ధతి ఇది. గ్రాఫైట్ దిమ్మెలను కరెంటు హీటర్లతో 2000 డిగ్రీలు దాటేదాకా వేడిచేస్తారు. గాలి తగిలితే గ్రాఫైట్ కాలిపోతుంది కనుక ఆర్గాన్ వంటి జడ వాయువులో ఉంచి చుట్టూ మందంగా ఇన్సులేషన్ పరుస్తారు. కరెంటు కావలసినప్పుడు మెరుస్తున్న దిమ్మెల ఎదుటికి సెల్‌లను తెస్తారు. ఒక టన్ను గ్రాఫైట్ 500 డిగ్రీలు చల్లారితే దాదాపు 278 యూనిట్ల వేడి ఇస్తుంది. సెల్ 40 శాతం చేస్తే 111 యూనిట్ల కరెంటు. లిథియం లేదు, కోబాల్ట్ లేదు, ఏళ్లు గడిచినా గ్రాఫైట్ దాచుకునే శక్తి తగ్గదు. కాలిఫోర్నియాలోని ఆంటోరా ఎనర్జీ, ఎంఐటీ నుంచి పుట్టిన ఫోర్త్ పవర్ అనే సంస్థలు ఈ దారిలో ఉన్నాయి.

ఇబ్రహీంపట్నం విశ్రాంత ఉద్యోగి (విజయవాడ)

వంద యూనిట్లు పెట్టి నలభై తీసుకోవడం దాచుకోవడం ఎలా అవుతుంది? నాగార్జునసాగర్‌లో ఏనాడో రివర్సిబుల్ టర్బైన్లు పెట్టారు. రాత్రి మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, పగలు వదిలే ఆ పద్ధతిలో 75 శాతానికి పైగా తిరిగి వస్తుంది. లిథియం బ్యాటరీలో 85 శాతం దాటుతుంది. వంద రూపాయలు అప్పిచ్చి నలభై వసూలు చేసుకునే వ్యాపారం మన గుంటూరు మిర్చి యార్డులో ఎవరూ చేయరు.

సాయంత్రపు లోడు (విజయవాడ)

పోగొట్టుకునే కరెంటు వెల ఎంత అన్నదాని మీద ఆ వ్యాపారం ఆధారపడుతుంది, విశ్రాంత ఉద్యోగి గారూ. మధ్యాహ్నం కొనేవాడు లేక సోలార్ ప్లాంటును తగ్గించమని చెప్పవలసివచ్చిన యూనిట్ వెల దాదాపు సున్నా. అటువంటప్పుడు దిగుబడి శాతం కంటే దాచే పాత్ర ధర ముఖ్యమవుతుంది. నాలుగు గంటలు దాచాలంటే లిథియమే మేలని నేనూ ఒప్పుకుంటాను. పది గంటలు, ఇరవై గంటలు, మబ్బు పట్టిన మూడు రోజులు అన్నప్పుడు లిథియం బ్యాటరీ ఖర్చు గంటలతో పాటు పెరుగుతూ పోతుంది. గ్రాఫైట్ పద్ధతిలో అయితే ఖరీదైన సెల్‌ల సంఖ్య మారదు, దిమ్మెలు మాత్రమే పెంచుకుంటూ పోవచ్చు. నీటి పద్ధతికి రెండు ఎత్తులలో రెండు జలాశయాలు కావాలి. అటువంటి చోట్లు కృష్ణా లోయలో ఉన్నాయి కానీ కృష్ణా డెల్టాలో ఎక్కడ వెతుకుతారు?

ఒక షరతు మాత్రం ఉంది. ఇది చిన్నదిగా కట్టకూడదు. దిమ్మెల గుట్ట పెరిగేకొద్దీ లోపలి వేడి ఘనపరిమాణంతో పెరుగుతుంది, కారిపోయే వేడి ఉపరితలంతోనే పెరుగుతుంది. ఇంటి పెరట్లో పెట్టుకునే గ్రాఫైట్ పెట్టె తెల్లవారేలోపు చల్లారిపోతుంది, గోదాము అంత గుట్ట రోజుకు ఒకటి రెండు శాతం కంటే పోగొట్టుకోకుండా నిలబడగలదు.

అర్ధవాహకం (విజయవాడ)

ఈ చర్చలో నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపేది తగరం సంగతి. దిమ్మెల గుట్ట నుంచి వేడిని సెల్‌ల దగ్గరకు తీసుకురావడానికి ఫోర్త్ పవర్ వారు కరిగిన తగరాన్ని గ్రాఫైట్ గొట్టాలలో పారిస్తారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, 2600 డిగ్రీల దగ్గర కానీ మరగదు, కర్బనంతో కలిసి కార్బైడ్‌గా మారదు. లోహాలలో ఈ మూడు గుణాలూ ఒకచోట దొరకడం అరుదు. ఆ సంస్థ స్థాపకుడు ఆసెగన్ హెన్రీ బృందం 2017లో జార్జియా టెక్‌లో సిరామిక్ భాగాలతో చేసిన పంపు 1400 డిగ్రీల దగ్గర కరిగిన తగరాన్ని తోడి చూపింది. ఆటోనగర్‌లో ఇనుము పోసే ఉష్ణోగ్రత అది! పంపు బాడీలు పోసే మిత్రునికి ఆ వేడిలో తిరుగుతున్న పంపును ఊహించడం మాకంటే తేలిక.

అంత వేడిలో ఉద్గారకం ఆవిరై సెల్‌ల మీద పేరుకోవడం ఇంకా తీరని సమస్య. గ్రాఫైట్ కూడా 2400 డిగ్రీల వద్ద కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. సెల్ చల్లనిది కాబట్టి ఆ మసి వచ్చి దాని మీదే కూర్చుంటుంది. మధ్యలో వాయువును ప్రవహింపజేసి మసిని ఊడ్చే ఏర్పాటు ఉండాలి. విశ్రాంత ఉద్యోగి గారి శాతాల కంటే నన్ను భయపెట్టేది ఇదే.

పిడుగురాళ్ల సున్నం (గుంటూరు)

సెల్‌లను చల్లార్చిన నీరు గోరువెచ్చగా ఉంటుందన్నారు. మాకు మిర్చి తోట కూడా ఉంది. కల్లాల మీద కాయ ఆరబోసిన వారంలో మబ్బు పడితే రంగు పోయి, బూజు పట్టి ధర సగానికి పడుతుంది. ఆ నీటి వేడితో కాయ ఆరబెట్టుకోవచ్చా?

సాయంత్రపు లోడు (విజయవాడ)

50 డిగ్రీల గాలి మిర్చికి చక్కగా సరిపోతుంది. కానీ అందుకోసం 2400 డిగ్రీల గుట్ట కట్టనక్కరలేదండీ. గాజు పైకప్పు ఉన్న సోలార్ డ్రయ్యరు ఆ పని నేరుగా చేస్తుంది, మబ్బు రోజులకు అందులో ఒక చిన్న పొయ్యి జతచేసుకుంటారు. వేడి కావలసిన చోట వేడిగానే వాడుకోవడం ఎప్పుడూ లాభమే. ఆంటోరా వారు కూడా కర్మాగారాలకు వేడిని, కరెంటును రెండింటినీ అమ్మాలని చూస్తున్నారు. దాచిన వేడిని వేడిగా అమ్మితే దాదాపు అంతా చేతికి వస్తుంది, కరెంటుగా అమ్మితే సగం కూడా రాదు.

గుంటూరు మాష్టారు (గుంటూరు)

ఆటోనగర్ మిత్రునికి ఒక ప్రశ్న. మీరు ఇనుము ఉష్ణోగ్రతను దేనితో చూస్తారు? థర్మోకపుల్ ముంచుతారా, దూరం నుంచి గురిపెట్టే పైరోమీటరు ఉందా?

ఆటోనగర్ పోత (విజయవాడ)

రెండూ ఉన్నాయి మాష్టారూ. ముంచే థర్మోకపుల్ కొనలు ఖరీదు కనుక పోసే ముందు ఒక్కసారే ముంచుతాము. మిగిలిన వేళల్లో పైరోమీటరే. స్లాగ్ పక్కకు తీసి, ఇనుము అద్దంలా మెరుస్తున్న చోట గురిపెడితే ఒక అంకె వస్తుంది. రెండు అంగుళాల పక్కన స్లాగ్ పొర మీద గురిపెడితే మరో అంకె వస్తుంది. పొగ అడ్డు వస్తే తక్కువ చూపిస్తుంది. మా మేస్త్రీ ఆ అంకెను నమ్మడు, ఇనుము ఉపరితలం మీద పాకే జాడలను చూసి ఉష్ణోగ్రత చెబుతాడు.

గుంటూరు మాష్టారు (గుంటూరు)

అయితే మీరు అడిగిన సెల్ ఇప్పటికే మీ చేతిలో ఉంది. అధిక ఉష్ణోగ్రతల పైరోమీటరు లోపల కటకం వెనుక ఉండేది సాధారణంగా సిలికాన్ లేక ఇండియం గాలియం ఆర్సెనైడ్ డయోడ్. ఇనుము వెలుగు దాని మీద పడి పుట్టిన కరెంటును కొలిచి యంత్రం దానిని డిగ్రీలుగా మార్చి చూపుతుంది. అది థర్మోఫోటోవోల్టాయిక్ సెల్‌కు తోబుట్టువే, శక్తి కోసం కాక కొలత కోసం వాడుతున్నారంతే. ఇనుము మీద ఒక అంకె, స్లాగ్ మీద మరో అంకె రావడానికి కారణం వాటి ఉద్గారకతలు వేరు కావడమే. విశ్రాంత ఉద్యోగి గారు లెక్కలో వాడిన 0.35 అన్న అంకె ఇదే. మీ మేస్త్రీ అనుమానం నిరాధారమైనది కాదు.

అర్ధవాహకం (విజయవాడ)

మాష్టారి మాట విన్నాక నాకు ఒక కోరిక పుట్టింది. మా ప్రయోగశాలలో చిన్న ఇండియం గాలియం ఆర్సెనైడ్ డయోడ్ ఒకటి, సిలికాన్ సెల్ ఒకటి ఉన్నాయి. ఆటోనగర్ గారు అనుమతిస్తే రెండింటినీ మీ ఫర్నేస్‌కు రెండు మీటర్ల దూరంలో పెట్టి, ఇనుము 1000 డిగ్రీల నుంచి 1400 వరకు ఎక్కుతున్నప్పుడు రెండింటి కరెంటూ పక్కపక్కన నమోదు చేయాలని ఉంది. సిలికాన్‌లో కరెంటు చాలా ఆలస్యంగా మొదలై నిటారుగా ఎక్కాలి, రెండోదానిలో ముందే మొదలై నిదానంగా ఎక్కాలి. మూత వేసినప్పుడు, తీసినప్పుడు తేడా కూడా చూడవచ్చు. దీనితో బిల్లు తగ్గదు కానీ, ఇక్కడ వ్రాసిన శాతాలు కళ్లముందు కనబడతాయి.

ఆటోనగర్ పోత (విజయవాడ)

తప్పకుండా రండి. మూత మీది పెట్టెలు నిన్ననే దింపించాను. లోపలి లైనింగ్ ఒక మూల రాలిపోయింది, సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్‌తో అతికిస్తున్నాము. క్రేన్ అవసరం లేకుండా ఒక పక్కకు తిరిగే ఆర్మ్ వెల్డింగ్ చేయిస్తున్నాను. ఉదయం మొదటి హీట్‌లో ఫర్నేస్ చల్లగా మొదలవుతుంది కనుక మీ కొలతలు అస్తవ్యస్తంగా వస్తాయి, రెండో హీట్‌కు పది గంటల వేళకు వస్తే మంచిది. నూలు బట్టలు, బూట్లు వేసుకుని రండి. నైలాన్ చొక్కాలతో, చెప్పులతో ఫర్నేస్ దగ్గరకు రానివ్వము. తడిసిన వస్తువు ఏదీ మీ సంచిలో ఉండకూడదు.

పిడుగురాళ్ల సున్నం (గుంటూరు)

ఆ రోజు నేనూ వస్తాను. బట్టీ పక్కన గాజు పైకప్పు డ్రయ్యరు కట్టాలంటే ఎన్ని అడుగుల కొలతతో వేయాలో సాయంత్రపు లోడు గారు అక్కడికి వస్తే కూర్చుని లెక్క చూసుకుందాము.